కడప: ఇంటి గడప నుంచి ముంబై వంటింటి బండ దాకా ఒక మాట నడిచిన దారి

క్లుప్తంగా: కడప అచ్చ తెలుగు మాట. దాటడం అనే అర్థమున్న ద్రావిడ మూలం నుంచి పుట్టింది, గడప దాని మరో రూపం. అదే మాట మరాఠీ, గుజరాతీ ఇళ్లలో నల్లటి వంటింటి బండకు పేరైంది, భూగర్భ శాస్త్రంలో రాతి పొరల పేరైంది, తంజావూరు వైపు ఒక కూర పేరుగా వినిపిస్తుంది. వీటిలో ఏది ఏ దారిన వచ్చింది, ఎక్కడ ఉన్నది పోలిక మాత్రమే అన్నది కింద చూడొచ్చు.

పేరు మారినప్పుడల్లా లేచే ప్రశ్న

కడప జిల్లా పేరు ఇరవై ఏళ్లలో మూడుసార్లు మారింది. 2005లో ఇంగ్లీషు స్పెల్లింగు మార్చారు, 2010లో వైఎస్సార్ జిల్లా అన్నారు, 2025లో మళ్లీ కడపను చేర్చి వైఎస్సార్ కడప జిల్లా చేశారు. మారిన ప్రతిసారీ కడపలోనే కాదు, ప్రొద్దుటూరులో, తాడిపత్రిలో, నంద్యాలలో టీ అంగళ్ల దగ్గర ఒకటే చర్చ. తిరుమల కొండకు గడప కాబట్టి కడప అయిందని ఒకరంటారు, కాదు కృపాచార్యులు వెలయించిన ఊరు కాబట్టి కృప నుంచి వచ్చిందని ఇంకొకరంటారు. ఎవరో ఫోన్ తీసి వెతికితే ముందుగా నల్లబండల ప్రకటనలు వస్తాయి, ఇంకాస్త కిందికి పోతే ఇడ్లీలోకి నంజుకునే కూర ఎట్లా చేయాలో చెప్పే వీడియో వస్తుంది. ఇన్ని అర్థాలు ఒకే మాటకు ఎట్లా వచ్చాయన్న అనుమానం అక్కడ మొదలవుతుంది, అది సహజమైన అనుమానమే.

ఇట్లాంటి చోట శబ్దం కలిసిందా లేదా అని మాత్రమే చూస్తే తప్పుదారి పడతాం. ఆ మాట ఒక భాష నుంచి ఇంకో భాషలోకి ఎవరి నోట పోయింది, ఏ లిపిలో రాశారు, ఏ సరుకుతో పాటు లారీ ఎక్కింది అని దారి చూడాలి. కడప విషయంలో ఈ దారులన్నీ చాలామటుకు కనిపిస్తాయి, అదే ఈ మాటలోని విశేషం.

గడపా, కడపా?

పాత ఇంటి గడప ఒకటి ఎదురుగా పెట్టుకుని చూద్దాం. ద్వారబంధం అడుగున అడ్డంగా వేసిన మాను. శుక్రవారం శుక్రవారం పసుపు పూసి పూసి పచ్చబడి ఉంటుంది, దాని మీద కుంకుమ బొట్లు. నడిమధ్య మాత్రం ఆ పసుపు నిలవదు, తరాల కాళ్లు పడి అక్కడ కాస్త పల్లంగా అరిగిపోయి ఉంటుంది. పెద్దవాళ్లు దాని మీద కూర్చోనివ్వరు, తొక్కనివ్వరు, దాటమంటారు. మాట పుట్టుక ఆ దాటడంలోనే ఉంది.

తెలుగులో గడచు, గడుపు, గడువు అనే మాటలు రోజూ వాడతాం. రోజులు గడిచాయి అంటే రోజులు దాటిపోయాయి అని. కాలం గడపడం అంటే కాలాన్ని దాటించడం. కరెంటు బిల్లుకు గడువు అంటే దాటకూడని రోజు. వానల్లేని ఏడాది అనంతపురం పల్లెల్లో "ఇల్లు గడవడం కష్టంగా ఉంది" అంటే ఆ ఇల్లు ఈ పూట నుంచి రేపటికి దాటడం కష్టంగా ఉందనే. వీటికి పాత తెలుగులో కడచు, కడపు అని కకారంతో మొదలయ్యే రూపాలు ఉన్నాయి. కడప, గడప జంట కూడా అట్లాంటిదే, రెండూ ఒకటే మాట.

క అన్నది గ ఎందుకైంది? తెలుగుకు ఇది బాగా అలవాటైన మార్పు. తమిళంలో కుదిరై అంటే తెలుగులో గుర్రం. తమిళంలో గాడిదను కళుదై అంటారు, అక్కడ క, ఇక్కడ గ. ద్రావిడ భాషల్లో చాలా మాటలకు మొదట కకారమే ఉండేదని, తెలుగు కొన్నిటిని గకారంగా మార్చుకుందని పోల్చి చూస్తే తెలుస్తుంది. ఇంకో దారి కూడా ఉంది. రెండు మాటలు కలిసినప్పుడు వెనక మాట మొదట్లో ఉన్న క మెత్తబడి గ అవుతుంది. కూర, కాయ కలిస్తే కూరగాయ. వ్యాకరణంలో గసడదవాదేశం అని బడిలో చదివింది ఈ మెత్తబడటాన్నే. ఇంటి వస్తువును పిలిచే మాట జనం నోట్లో రోజూ నలిగి గడపగా నిలిచింది, ఊరి పేరు మాత్రం పాత కకారాన్ని పట్టుకుని ఉండిపోయింది. ఊళ్ల పేర్లలో ఇది తరచూ జరుగుతుంది. ఇంట్లో మాట మారినా ఊరి పేరులో పాత మాట అట్లాగే మిగులుతుంది.

గడపకు ఇంకో అర్థం కూడా పెరిగింది. "ఆ ఊరు ఎంత, నలభై గడప" అంటే నలభై ఇళ్లు అని. ఎన్నికలప్పుడు గడప గడపకూ తిరిగాం అనడం, కోర్టు గడప ఎక్కాం అనడం ఇందులోంచి వచ్చినవే. ఒక చిన్న మాను ముక్క ఇంటి మొత్తానికి, చివరికి ఆఫీసుకు కూడా గుర్తయింది.

పక్క భాషల్లో దీని చుట్టాలు

తమిళంలో కడ అంటే దాటు, కడందు అంటే దాటి. మలయాళంలో కడక్కుక అంటే దాటడం, లోపలికి ప్రవేశించడం. అదే మలయాళంలో కడవ్ అంటే ఏరు దాటే రేవు, పడవ ఆగే చోటు. కేరళలో నీళ్లు ఎక్కువ కాబట్టి దాటే చోటు రేవయింది, ఇక్కడ నీళ్లు తక్కువ, దాటే చోటు ఇంటి వాకిలయింది అని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ అది రుజువు చేయగలిగిన సంగతి కాదు, అందంగా ఉన్న ఊహ మాత్రమే.

తమిళంలో ఈ మూలం ఈ కాలానికి కూడా పనికొస్తోంది. పాస్‌పోర్టును తమిళంలో కడవుచ్చీట్టు అంటారు, అంటే దాటిపోవడానికి ఇచ్చే చీటీ. ఫోన్‌లో కొట్టే పాస్‌వర్డ్ కడవుచ్చొల్, దాటనిచ్చే మాట. దేవుడిని కడవుళ్ అంటారు, అన్నిటినీ దాటినవాడు, లోపల ఉన్నవాడు అని దానికి జనం చెప్పుకునే వివరణ. అంటే కడప ఇంటి గడపకూ చెన్నైలో ఫోన్ తెరిచే పాస్‌వర్డుకూ మూలం ఒక్కటే. ఇది శబ్దం కలిసిన పోలిక కాదు, అర్థం కూడా కలిసింది, మార్పు జరిగిన తీరూ కలిసింది. నిజమైన చుట్టరికం అంటే ఇట్లా ఉంటుంది.

కన్నడంలో కడె అంటే వైపు, చివర. ఆ కడె, ఈ కడె అని హిందూపురం, మడకశిర వైపు జనం రోజూ వింటూనే ఉంటారు. తెలుగులో కడదాకా, కడసారి చూపు, కడపటి అన్న మాటల్లో ఉన్న కడ దీనికి దగ్గరిదే. దాటే చోటే చివర కూడా అవుతుంది గనక ఈ రెండు అర్థాలు పక్కపక్కన తిరుగుతుంటాయి. అయితే గడపను మాత్రం కన్నడంలో హొస్తిలు అంటారు. వస్తువు ఒకటే అయినా పక్క భాష వేరే మాట ఎంచుకుంది.

సంస్కృతంలో గడపను దేహళి అంటారు. గడప మీద పెట్టిన దీపం లోపలికీ బయటికీ వెలుగిస్తుంది, అట్లాగే వాక్యం నడుమ ఉన్న ఒక మాట రెండు వైపులా అన్వయిస్తే దాన్ని దేహళీదీప న్యాయం అంటారు. పార్సీలో దహ్లీజ్, హిందీలోకీ ఉర్దూలోకీ అదే వచ్చింది. దేహళికీ కడపకూ శబ్దంలో ఏ సంబంధమూ లేదు, అర్థం మాత్రం అచ్చంగా ఒకటే. ఇది గుర్తుపెట్టుకుంటే కాసేపట్లో ఢిల్లీ ప్రస్తావన దగ్గర పనికొస్తుంది.

ఒకేలా వినిపించినా వేరే మాటలు

గడియ అన్న మాటను గడచు కుటుంబంలో కలిపేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. కాలం గడుస్తుంది, గడియలు గడుస్తాయి, ఇంకేం కావాలి అని. కానీ కాలాన్ని కొలిచే గడియ సంస్కృతంలోని ఘటిక నుంచి వచ్చింది. ఘటం అంటే కుండ. అడుగున చిన్న రంధ్రం ఉన్న గిన్నెను నీళ్ల మీద వదిలి, అది మునగడానికి పట్టే సమయాన్ని ఒక ఘటిక అనేవాళ్లు, దాన్నుంచి గడియ, గడియారం. శబ్దం కలిసింది, అర్థం కూడా దగ్గరగా ఉంది, అయినా పుట్టుక వేరు. కడప మీద వినిపించే వివరణలన్నిటినీ ఈ ఉదాహరణ పక్కన పెట్టుకునే చూడాలి.

ఊరికి ఆ పేరు ఎందుకొచ్చింది

జనం చెప్పే కారణం అందరికీ తెలిసిందే. ఉత్తరం వైపు నుంచి తిరుమలకు నడిచిపోయే భక్తులు ముందుగా పాత కడపలోని లక్ష్మీ వేంకటేశ్వరస్వామిని దర్శించుకుని పోవాలి, కాబట్టి ఇది కొండకు గడప. ఆ చోటునే దేవుని కడప అంటారు. అన్నమయ్య ఈ స్వామిని కడపరాయడని పిలిచి సంకీర్తనలు పాడాడు. ఆయన పుట్టిన తాళ్లపాక ఉన్నదీ ఈ ప్రాంతంలోనే, రాజంపేట దగ్గర. ఉగాది రోజు ముస్లింలు కూడా ఈ గుడికి వస్తారు, స్వామి భార్యగా చెప్పుకునే బీబీ నాంచారిని తమ ఆడబిడ్డగా భావించి స్వామికి మొక్కుకుంటారు. ఆ ఉదయం గుడి గడప దాటే జనంలో తలపాగా, టోపీ, చీర, బురఖా అన్నీ కలిసి కనిపిస్తాయి.

ఈ కారణం ఎంతవరకు నిలుస్తుంది? మాట అర్థం దగ్గర పేచీ లేదు, కడప అంటే గడపే. కానీ దేనికి గడప అన్నదే అసలు ప్రశ్న, దానికి భాష ఒక్కటే జవాబు చెప్పలేదు. ఊరు నల్లమల, పాలకొండల నడుమ ఉంది, ఉత్తరాన కొద్ది దూరంలో పెన్న పారుతుంది. కొండలు దాటి, ఏరు దాటి వచ్చే దారిలో ఉన్న ఊరికి దాటడం అనే అర్థమున్న పేరు రావడంలో వింత లేదు. తిరుమల దారి అందులో ఒకటి కావచ్చు, అదొక్కటే కారణం అనాల్సిన పని లేదు. ఈ రెండు వివరణలూ ఒకదాన్నొకటి కొట్టేయవు.

కృప నుంచి కడప వచ్చిందన్న వివరణ మాత్రం బలహీనం. స్థలపురాణంలో కృపాచార్యులు స్వామిని ప్రతిష్ఠించారని ఉంది, భక్తికి అది విలువైన కథ. భాష లెక్కన చూస్తే మాత్రం కృప తెలుగులో కృపగానే నిలిచింది, అది కడపగా మారాలంటే మధ్యలో ఉండాల్సిన మెట్లు కనిపించవు. ఊరి పేరుకు అచ్చ తెలుగు అర్థం ఎదురుగా ఉండగా సంస్కృత మూలం కోసం వెతకడం చాలా ఊళ్ల విషయంలో జరిగింది. బహుశా గౌరవం కోసం అట్లా చేసి ఉంటారు, కానీ తెలుగు మాటలో తక్కువ గౌరవమేమీ లేదు.

ఢిల్లీ విషయంలోనూ ఇదే రకమైన వాదం ఉంది. దేహళి నుంచో దహ్లీజ్ నుంచో ఢిల్లీ వచ్చిందని, గంగా మైదానానికి అది గడప అని కొందరు చెబుతారు. అది నిజమైతే దేశ రాజధానికీ కడపకూ పేరు ఒకటే అవుతుంది, వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ 12, 13 శతాబ్దాల శాసనాల్లో ఆ ఊరి పేరు ఢిల్లికా, ఢిల్లీ అని మహాప్రాణమైన ఢకారంతో కనిపిస్తుంది. దేహళి నుంచి అక్కడికి రావడం అంత సులభం కాదు. అందుకే అక్కడ గడప అనేది ఒక ఊహగానే ఉండిపోయింది. కడపకు ఆ ఇబ్బంది లేదు, ఇక్కడ మాట ఇంకా జనం వాడుకలో బతికే ఉంది.

నేక్‌నామాబాద్, ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ల కడప

పేరు మార్చే ప్రయత్నాలు కొత్తవి కావు. 17వ శతాబ్దంలో గోల్కొండ సేనాని నేక్‌నామ్ ఖాన్ పాత ఊరి పక్కన పట్టణాన్ని పెంచి తన పేరుతో నేక్‌నామాబాద్ అని పెట్టాడు. పార్సీలో నేక్ అంటే మంచి, నామ్ అంటే పేరు. కొంతకాలం ఆ పేరు నడిచింది, తర్వాత జనం పిలుపే గెలిచింది. తర్వాత ఈ ఊరిని ఏలిన మయానా నవాబులను కూడా చరిత్ర కడప నవాబులనే గుర్తుపెట్టుకుంది.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. 1808లో, అట్లా ఇచ్చినందుకే దత్త మండలాలు అని పేరొచ్చిన ఈ సీమను బళ్లారి, కడప అని రెండు జిల్లాలుగా విడగొట్టారు. అప్పటి నుంచి కాగితాల మీద ఇంగ్లీషు స్పెల్లింగు స్థిరపడింది, సి, యు, రెండు డీలు, ఎ, పి, ఎ, చివర హెచ్. ఇప్పటివాళ్లకు ఇది వింతగా కనిపిస్తుంది గానీ అందులో ఒక పద్ధతి ఉంది. ఇంగ్లీషులో కత్తిరించడానికి వాడే కట్ అనే మాటలో ఉన్నది యు అక్షరమే, పలికేది మాత్రం మన పొట్టి అకారానికి దగ్గరగా ఉంటుంది. కాబట్టి తెలుగులో అ వినపడిన చోటల్లా వాళ్లు యు రాశారు. కర్నూలు స్పెల్లింగులో మొదటి అచ్చు యు అయింది ఇందుకే, ఇప్పటికీ అట్లాగే ఉంది. కంభం స్పెల్లింగులో రెండు యులు ఉన్నాయి, బయటి రాష్ట్రాలవాళ్లు దాన్ని కుంబుం అని చదివి అడ్రసు అడుగుతుంటారు. కటక్, పంజాబ్ ఇంగ్లీషులో యుతో కనిపించడం కూడా ఈ అలవాటే.

సమస్య ఏమిటంటే, వినేటప్పుడు సరిగ్గా విన్నారు, రాసేటప్పుడు వాళ్ల పద్ధతిలో రాశారు, తర్వాత తరాలవాళ్లు ఆ రాతను ఇంకో పద్ధతిలో చదివారు. దాంతో కడప కాస్తా కుడ్డపా అయి కూర్చుంది. ఢిల్లీలోనో బెంగళూరులోనో ఇంటర్వ్యూకు పోయిన కుర్రాడు సొంత ఊరి పేరును కుడ్డపా అని పిలిపించుకుని, సర్దుకుని కూర్చున్న సందర్భాలు ఎన్నో. 2005 ఆగస్టులో ప్రభుత్వం స్పెల్లింగు మార్చింది ఈ ఇబ్బంది తీరడానికే, ఆ మార్పు అవసరమైనదే.

1820లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చి, ఇదే ఊళ్లో బంగళా కొని, పండితులను కూర్చోబెట్టుకుని తెలుగు తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించిన సీపీ బ్రౌన్ నిఘంటువు 1852లో అచ్చయింది. తెలుగు మాటల అర్థాలను ఇంగ్లీషువాళ్లకు అందించిన ఆ పనికి ఈ గడప ఊరే పెద్ద అండ.

రాయిగా మారిన ఊరు

ఇప్పుడు ముంబైకి పోదాం. పుణే, నాసిక్, సూరత్, ఎక్కడైనా సరే, పాత ఫ్లాట్‌లో వంటింటి అరుగును చూస్తే నల్లటి నున్నటి బండ కనిపిస్తుంది. మరాఠీలో ఆ అరుగును ఓటా అంటారు, దాని మీద పరిచిన బండ కడప్పా. గోడలో షెల్ఫులు కడప్పా, బాత్రూం కిటికీ అంచు కడప్పా. తాపీమేస్త్రీ నోట రోజుకు పదిసార్లు వచ్చే ఆ మాట ఒక ఊరి పేరని అక్కడ చాలామందికి తట్టదు.

రాయి మాత్రం ఇక్కడిదే. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల, అటు బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఇటు తాడిపత్రి వైపు దొరికే సున్నపురాయి అది. స్థానికంగా దాన్ని కడప రాయి అనేవాళ్లు తక్కువ, నాపరాయి, నాపబండ అంటారు. ఈ రాయి పొరలు పొరలుగా ఏర్పడింది. గనిలో పొర సందులో ఉలి పెట్టి సుత్తితో వరసగా కొట్టుకుంటూ పోయి, గడ్డపారతో మెల్లగా ఎత్తితే పెద్ద బండ చాపలా లేస్తుంది. అడ్డంగా కోయాల్సిన పని తక్కువ, కాబట్టి ధర తక్కువ. ఇక్కడి పాత ఇళ్లలో నేల మీద అదే, కప్పు మీద అదే, బట్టలుతికే చోట అదే, పొలం గట్టున కంచెగా నిలబెట్టిందీ అదే. పచ్చిగా ఉన్నప్పుడు బూడిద రంగులో ఉంటుంది, పాలిష్ పట్టి కొబ్బరినూనె రాస్తే నల్లగా మెరుస్తుంది.

సున్నపురాయి కాబట్టి దానికి పులుపు పడదు. అరుగు మీద నిమ్మకాయ కోసి తుడవకుండా వదిలేస్తే కాసేపటికి ఆ రసం పారిన చోట తెల్లటి మచ్చ పడుతుంది. ఎంత తోమినా పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. చింతపండు పులుసు ఒలికినా అంతే. ఇప్పుడు కొత్త ఫ్లాట్‌లలో గ్రానైట్ వచ్చి కూర్చోవడానికి ఇదొక కారణం, అయినా గ్రానైట్ కనబడే చోట, కడప్పా కనబడని షెల్ఫుల్లో, అన్నట్టు పని నడుస్తోంది.

ఊరి పేరు సరుకు పేరు కావడం వ్యాపారంలో మామూలే. తాండూరు బండలు, షాబాద్ బండలు, రాజస్థాన్ నుంచి వచ్చే కోటా రాయి, అన్నీ ఊళ్లే. ఇంగ్లీషులో కాలికో అనే నూలు బట్ట పేరు కాలికట్ నుంచి వచ్చింది. గోల్కొండ అంటే ఇంగ్లీషు నిఘంటువుల్లో తరగని సంపద గని అని అర్థం, ఎందుకంటే కృష్ణా తీరపు వజ్రాలు ఆ కోట బజారులోంచే ప్రపంచానికి పోయాయి. వీటిలో ఒక సమాన సూత్రం ఉంది. సరుకు పుట్టిన ప్రతి పల్లె పేరూ నిలవదు, కొన్నవాడికి తెలిసిన పెద్ద ఊరి పేరే నిలుస్తుంది. బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ కూడా మహారాష్ట్రకు చేరాక కడప్పా అయిపోవడం ఇట్లాగే జరిగింది. కర్నూలు, అనంతపురం వైపు గనుల్లో రాళ్లు కొట్టిన కూలీల చెమట పక్క జిల్లా పేరు మీద అమ్ముడుపోతోంది అనుకుంటే కాస్త బాధగానే ఉంటుంది.

కడప్పాలో ఆ రెండో ప ఎందుకు? తమిళంలో కారణం స్పష్టంగా తెలుస్తుంది. తమిళ లిపిలో ప, బ శబ్దాలకు ఒకే అక్షరం. మాట మధ్యలో ఆ అక్షరం ఒంటిగా వస్తే బ అని చదువుతారు. కడప అని మామూలుగా రాస్తే కడబ అయిపోతుంది. ప అని గట్టిగా పలికించాలంటే అక్షరాన్ని జంట చేయాలి. అందుకే తమిళంలో ఊరు కడప్పా, రాయి కడప్పా కల్. మరాఠీ, హిందీలో రాసేదీ ఇదే జంట పకారంతోనే. తెలుగువాడి చెవికి అందులో అప్ప కలిసినట్టు వినిపిస్తుంది, కానీ అక్కడ ఏ అప్పా లేడు, ఉన్నది లిపి అవసరం.

పాఠ్యపుస్తకాల్లో కడప

భూగర్భ శాస్త్రంలో కడప ఇంకో అర్థం తెచ్చుకుంది. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల మీదుగా నెలవంక ఆకారంలో పరుచుకున్న పురాతన రాతి పొరల ప్రాంతాన్ని కడప బేసిన్ అంటారు. వైశాల్యం సుమారు 44,500 చదరపు కిలోమీటర్లు. అడుగు పొరల వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు. ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేది, ఆ సముద్రం అడుగున పేరుకున్న మట్టి, ఇసుక, సున్నమే ఇప్పటి కొండలు, బండలు.

1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ పొరలను వివరిస్తూ పెద్ద గ్రంథం ప్రచురించాడు. దాని పేరులో కడప, కర్నూలు రెండూ ఉన్నాయి, రెండిటినీ కె అక్షరంతో, మొదటి అచ్చుకు యు బదులు ఎ పెట్టి, జనం పలుకుబడికి దగ్గరగా రాశాడు. ప్రభుత్వం 2005లో చేసిన పనిని ఒక శాస్త్రవేత్త 133 ఏళ్ల ముందే చేశాడు. అయినా తర్వాతి శాస్త్ర గ్రంథాల్లో పాత దొరల స్పెల్లింగే స్థిరపడింది.

ఈ పొరలకు పెట్టిన పేర్లు చదువుతుంటే బస్సు ఎక్కి సీమ తిరిగినట్టుంటుంది. గువ్వలచెరువు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, కంభం, బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. ప్రపంచంలో ఎక్కడ ఈ పాఠం చెప్పినా ఈ ఊళ్ల పేర్లు పలకాల్సిందే.

ఇక్కడే ఒక చిక్కుంది, చాలామంది పొరబడేది కూడా ఇక్కడే. ముంబైలో కడప్పా అని అమ్మే ఆ నల్లబండ శాస్త్రం లెక్కన కడప పొరల్లోది కాదు. దాన్ని నార్జి సున్నపురాయి అంటారు, అది కడప పొరల పైన తర్వాతి కాలంలో ఏర్పడిన కర్నూలు గ్రూపుకు చెందింది. బెలూం గుహలు తొలుచుకున్నదీ ఈ సున్నపురాయిలోనే. నార్జి ఊరు ఉన్నది మాత్రం కడప జిల్లాలో! అంటే వ్యాపారంలో కడప, శాస్త్రంలో కర్నూలు, ఊరు చూస్తే మళ్లీ కడప. ఎవరూ తప్పు చెప్పడం లేదు, ఎవరి అవసరానికి వాళ్లు పేరు పెట్టుకున్నారు. కానీ కడప బేసిన్ రాయి కాబట్టి దానికి కడప రాయి అని పేరొచ్చిందని చెప్పే వివరణ మాత్రం సరికాదు. రాయికి పేరు బజారులో వచ్చింది.

తంజావూరు కడప్పా సంగతి

కుంభకోణం, తంజావూరు హోటళ్లలో ఇడ్లీ, దోసెల పక్కన కడప్పా అని ఒక కూర పెడతారు. పెసరపప్పు, ఉడికించిన ఆలుగడ్డ, కొబ్బరి, గసగసాలు, సోంపు వేసి పల్చగా చేసే కూర అది. పేరు వినగానే కడప నుంచి పోయిన వంట అనుకోవడం సహజం. కానీ కారం దోసె మీద ఎర్రకారం పూసి తినే కడపలో ఈ రుచికి దగ్గరి వంట కనిపించదు, ఆ కూరను ఇక్కడివాళ్లు తమదని చెప్పుకోవడమూ లేదు. రాయి విషయంలో గని ఉంది, లారీ ఉంది, కొన్నవాడున్నాడు. కూర విషయంలో శబ్దం ఒక్కటే ఉంది. గడియను గడచుతో కలపకూడదన్న కారణంతోనే, దీన్ని కూడా ప్రస్తుతానికి విడిగా ఉంచడమే సబబు.

పేరు మారితే ఏవి మారతాయి, ఏవి మారవు

ప్రభుత్వం పేరు మార్చినప్పుడు బోర్డులు, కలెక్టరేట్ సీళ్లు, సర్టిఫికెట్లు మారతాయి. స్పెల్లింగు మారినప్పుడు పాస్‌పోర్టులో ఒకటి, పదో తరగతి మెమోలో ఒకటి ఉండి కొన్నాళ్లు టెన్షన్ తప్పదు. మద్రాసు చెన్నై అయినా మద్రాస్ హైకోర్టు అట్లాగే ఉంది, కళ్లకలకను మద్రాస్ ఐ అనడం ఆగలేదు. కడప విషయంలోనూ ఇంతే. రాతి పొరలకు ఒకసారి పెట్టిన పేరును ఊరి స్పెల్లింగు మారినా మార్చకపోవడం శాస్త్రంలో ఆనవాయితీ, మార్చితే పాత పరిశోధనలతో లంకె తెగిపోతుంది. అందుకే ఆ పుస్తకాల్లో కడప బేసిన్ ఇప్పటికీ సి, యులతోనే కనిపిస్తుంది. బండల బిల్లు మీద కడప్పా కూడా మారలేదు, ఎందుకంటే అది అక్కడివాళ్లకు ఊరి పేరు కాదు, ఇసుక, సిమెంటు లాంటి మామూలు మాట.

2010 నుంచి 2025 దాకా కాగితాల మీద జిల్లా పేరులో కడప లేదు. ఆ పదిహేనేళ్లలో కూడా బస్సు కండక్టర్ కడప, కడప అనే అరిచాడు, పులివెందుల నుంచి పోయేవాళ్లు కడపకు పోతున్నాం అనే చెప్పారు, మాఘమాసంలో రథసప్తమికి దేవుని కడపలో తేరు లాగినవాళ్లు ఆ పేరుతోనే మొక్కుకున్నారు.